షేక్‌స్పియర్‌తో పత్తికొండ మాట పలికించండి!

బీటెక్ అయిన కొత్తలో ఓ యాప్‌ను తెలుగులోకి మార్చే పని చేశాను. 'సబ్మిట్' బటన్‌కు డిక్షనరీ చూసి 'సమర్పించు' అని పెట్టా. పత్తికొండలో మా పెదనాన్న ఫోన్ చూసి, "ఏం సమర్పించాలప్పా, టెంకాయా?" అన్నాడు. పదం తప్పు కాదు. దాన్ని చదివేదెవరో నేను ఆలోచించలేదు, అంతే!

ఈ తప్పు దిద్దుకోవడానికి మంచి చోటు నాటకం. మీ కాలేజీలోనే మొదలుపెట్టొచ్చు.

1880 నాటి స్టూడెంట్ ప్రాజెక్టు

ధార్వాడ నాటక కంపెనీ రాజమండ్రి వచ్చి హిందీ నాటకాలు ఆడి వెళ్లింది. అది చూసి, అక్కడ తెలుగు పండితుడిగా ఉన్న కందుకూరి వీరేశలింగం 1880లో తన విద్యార్థులతోనే తెలుగు నాటకాలు ఆడించారు. వాటిలో ఒకటి 'చమత్కార రత్నావళి'. షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు అది తెలుగు రూపం. అంతకుముందే, 1876లో వావిలాల వాసుదేవశాస్త్రి 'జూలియస్ సీజర్'ను తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. వీరేశలింగం మాత్రం కథను మన వాతావరణానికి తగ్గట్టు మలుచుకున్నారు. పుస్తకంలో అర్థం కాకపోతే వెనక్కి తిప్పి చదువుతాం. స్టేజీ మీద ఆ అవకాశం లేదు, మాట వెంటనే తగలాలి.

మన సీమ కూడా తక్కువేం కాదు. 1880లోనే తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ వకీలుగా పనిచేస్తూనే తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ నాటకాలు వేశారు.

మీరూ ఇలా చేయండి

* 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'లో ఒక్క సీన్ తీసుకోండి. షేక్‌స్పియర్‌కు కాపీరైట్ లేదు. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది.
* యజమాని డబ్బిచ్చి పంపిన నౌకరు ఒకడు, భోజనానికి పిలవడానికి వచ్చినవాడు వాడి కవల. ఆ గందరగోళంలో యజమాని "ధనమును ఎక్కడ ఉంచితివి?" అంటే ఎవరూ నవ్వరు. "దుడ్డు యాడ పెట్టినావ్‌రా?" అంటే సీన్ లేస్తుంది.
* గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో ముసాయిదా తీసుకోవచ్చు. కానీ 'నువ్వు' ఎక్కడ, 'మీరు' ఎక్కడ, 'రా' ఎక్కడ అన్నది మీరే తేల్చాలి.
* నలుగురు ఫ్రెండ్స్ పైకి చదవాలి. నాలుక తడబడిన ప్రతి లైనూ మళ్లీ రాయాలి.
* నెలలోపు పదిహేను నిమిషాల ప్రదర్శన ఇవ్వండి. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి.

ఉద్యోగానికి పనికొస్తుందా?

ఒక్క నాటకంతో ఆఫర్ లెటర్ వస్తుందని చెప్పను. కానీ సబ్‌టైటిల్స్, డబ్బింగ్, యాప్ లోకలైజేషన్... అన్నింటిలోనూ పని ఇదే. 'తెలుగు, ఇంగ్లిష్ వచ్చు' అని రెజ్యూమెలో అందరూ రాస్తారు. మూలం, మీ మొదటి ముసాయిదా, స్టేజీ తర్వాత మార్చిన ప్రతి, వీడియో లింకు పక్కపక్కన పెట్టి చూపించేవాళ్లు తక్కువ. ఏ మాట ఎందుకు మార్చారని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పడానికి మీ దగ్గర నిజమైన కథ ఉంటుంది.

తెలుగు మీడియం చదివామని తల దించుకునేవాళ్లకు ఒక్క మాట. పత్తికొండ సంతలో బేరమాడే తెలుగు మీకు పుట్టుకతో వచ్చింది. దాన్ని ఏ కోచింగ్ సెంటరూ నేర్పలేదు.