గ్రామపు లెక్కలు – డేటాబేసు



ఖమ్మమునకును భద్రాచలమునకును నడిమి అడవిపల్లెలో ముప్పది యేండ్లు ఉపాధ్యాయుడనై ప్రవేశపు రిజిస్టరు వ్రాసితిని. నేడు భూమి పట్టా, పింఛను, రేషను కార్డు సమస్తమును కంప్యూటరులోని డేటాబేసున కెక్కినవి. రచ్చబండ కడ పెద్దలు నన్ను పలుమారు అడుగు ప్రశ్నలకు తెలిసినంత విన్నవించెదను.

డేటాబేసు అనగా నేమి? గళ్ళు గీసిన పట్టికలను భద్రపరచు దఫ్తరము. ఇట్టి పట్టికలతో సమస్త వివరములను కూర్చు పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించెను. గణితశాస్త్రమునుండి ఆయన పట్టికకు ‘రిలేషను’ అను పేరు తెచ్చుటచే దీనికి రిలేషనల్ డేటాబేసు అని పేరు కలిగెను.

అన్నియు ఒక్క పట్టికలోనే వ్రాయరాదా? మన భద్రాచలమునే చూడుడు. 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. పిదప ఖమ్మము జిల్లాలో చేరెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చెను. ప్రతి మనుష్యుని పేరున కెదురుగా జిల్లా పేరు వ్రాసియుండినచో ఎన్ని వేల పంక్తులు దిద్దవలెను! నాలుగు మరచినచో ఆ నలుగురు పాత జిల్లాలోనే మిగిలిపోదురు. కావున ఊళ్ళకొక పట్టిక, మనుష్యులకొక పట్టిక ఏర్పరతురు. ఊరికొక సంఖ్య నిచ్చి, మనుష్యుని యెదుట ఆ సంఖ్యను మాత్రమే వ్రాయుదురు. జిల్లా మారినపుడు ఊరి పంక్తిలో ఒక్కచోట దిద్దిన చాలును.

ఒకే పేరుగల వారిద్దరున్నచో? మా బడిలో ఒకే పేరుగల బాలురు ముగ్గురుండిరి. ప్రవేశసంఖ్యయే వారిని వేరుపరచెను. ఇందును అంతే. ఒకరి సంఖ్యను వేరొకరికి వ్రాయబోయిన యంత్రము ఒప్పుకొనదు.

వ్రాయుచుండగా కరెంటు పోయినచో? షాహుకారు ముందు చిట్టాలో వ్రాసికొని పిమ్మట ఆవర్జా కెక్కించును గదా! డేటాబేసును అట్లే చేయును. ఎకరము భూమి అన్న ఖాతానుండి తీసి తమ్ముని ఖాతాలో వేయునపుడు రెండును జరుగును, లేదా రెండును జరుగవు. సగము పని నిలువదు.

ఊరక దొరకునది మేలైనదగునా? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసు 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆరంభించిన కృషినుండి పుట్టి, 1996లో ఈ పేరు పొందెను. దాని నిర్మాణము నెవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, వెల లేకయే వాడవచ్చును. దీనినే ఓపెన్ సోర్సు అందురు. భారత ప్రభుత్వమును 2015లో తన కార్యాలయములలో ఓపెన్ సోర్సును ప్రోత్సహించు విధానము ప్రకటించెను. ‘తెరచియున్నదన్న మన వివరము లెల్లరు చూతురా?’ అని కొందరి భయము. ఆవకాయ పట్టు విధము ఊరెల్ల నెరుగును. అంతమాత్రమున మీ యింటి జాడీ ఊరివారి సొత్తగునా? ఎవరు చూడవలెనో, ఎవరు దిద్దవలెనో అధికారి నిర్ణయించి తాళము వేయవలెను.

యంత్రమే మునిగినచో? 1986లో భద్రాచలము కడ గోదావరి 75 అడుగులు దాటెను. 2022లో 71 అడుగులు దాటెను. కావున ప్రతిదినము నకలు తీసి వరద రాని దూరపుటూర నుంచవలెను. ఆ నకలు తిరిగి తెరచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలెను. ఈ పని మనుష్యునిది.

కడపటి ప్రశ్న: తప్పు వ్రాసిన యంత్రము పట్టునా? ఫిబ్రవరి 30 అని వ్రాసిన పట్టును. కాని నేనొకప్పుడు ఒక కోయ బాలుని యింటిపేరు ‘కుంజం’ అని వ్రాయుటకు మారుగా ‘కుంజా’ అని వ్రాసితిని. రెండును ఇంటిపేర్లే, దానిని ఏ యంత్రము పట్టగలదు? ఏండ్లు గడచిన పిదప పోడుభూమి హక్కునకు కాగితములు కూర్చుకొనుచు అతడు నా గుమ్మము కడకు వచ్చి, రెండు కాగితములు చూపి మౌనముగా నిలిచెను. తప్పు నాదని వ్రాసి యిచ్చితిని. నా చేతి పొరపాటునకు అతడు ఎన్ని నాళ్ళు కూలి మానుకొని తిరిగెనో తలచిన నేటికిని సిగ్గగును.

డేటాబేసు మనము వ్రాసినదానిని చెడకుండ కాచును. వ్రాసినది సత్యమో కాదో ఎరుగదు. కావున మీ పేరు కంప్యూటరున కెక్కించునపుడు, ‘నాయనా, వ్రాసినది ఒకసారి చదివి వినిపింపుము’ అని అడుగుడు. చదువురాని పొరుగువాని కొరకును మీరే అడుగుడు.

సెలవు.