కూతకు వెళ్ళినవాడి బలం ఎక్కడిది?

సాయంకాలం నాలుగున్నర అయింది. వేపచెట్టు కొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద బంట్రోతు ఠంగు ఠంగుమని గంట కొట్టాడు. పుస్తకాల సంచులన్నీ అరుగు మీద కుప్పగా పడ్డాయి. డ్రిల్లు మాస్టారు కాలిమడమతో ఇసుకలో అడ్డంగా గీత గీశారు. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. చెడుగుడు మొదలయింది!

గోదావరి డెల్టాలో హైస్కూలు కుర్రవాళ్ళకు ఆటలకేం తక్కువ, పిల్లలూ? ఫుట్‌బాలూ వాలీబాలూ ఉన్నాయి. బిళ్ళంగోడు ఉంది. కాలవలో ఈత ఉంది. కాని చెడుగుడుకున్న సుఖం వేరు. బంతి కొనక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు. ఇంత నేలా, గట్టి ఊపిరీ ఉంటే చాలు. కబడ్డీ పేరుతో ఈ ఆట 1990లో చైనా రాజధాని బీజింగులో ఆసియా క్రీడల పోటీల దాకా వెళ్ళింది. ఆ ఏడు బంగారు పతకం మనదే.

కూతకు వెళ్ళే కుర్రవాణ్ణి ఒక్కసారి జాగ్రత్తగా చూడండి. గీత దాటకముందే గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఇక కూత ఆగకూడదు. ఆగితే అవుటే. అంటే కూత ఉన్నంతసేపూ గాలి బయటికి పోవడమే గాని, లోపలికి రావడం లేదన్నమాట. అయినా వాడు చటుక్కున వంగి ఒకణ్ణి తాకాడు. ముగ్గురు కలిసి నడుం పట్టుకుంటే చేపలా గింజుకున్నాడు. ఒక్క ఊపులో దూకి వేలికొసతో గీత అందుకున్నాడు!

కొత్త గాలి లేదు కదా, మరి ఆ ఊపు ఎక్కణ్ణించి వచ్చింది? వాళ్ళమ్మ పెట్టిన పెరుగన్నంలోంచే అనుకోండి. కాని అన్నం కండల్లో ఏ రూపంలో దాగి ఉంది? పిలవగానే అంత తొందరగా ఎలా పలికింది?

దీనికి జవాబు కనిపెట్టినవారిలో ఒకరు మన డెల్టా కుర్రవాడే. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టాడు. రాజమండ్రిలో చదువుకున్నాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుసార్లు తప్పాడు!

ఆ రోజుల్లో మెట్రిక్యులేషను అంటే ఏమిటో మీ తాతగారి తాతగారిని అడగాలి. వారు లేరు గనక నేను చెబుతాను. పై తరగతుల్లో పాఠాలు ఇంగ్లీషులో సాగేవి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు. ఆ పరీక్ష గట్టెక్కితేనే కాలేజీ. చివరకు చిన్న గుమాస్తా పనికి కూడా ఆ మాట అడిగేవారు. తప్పినవాడి పేరు ఊరంతా తెలిసిపోయేది. చుట్టాలింటికి పెళ్ళికి వెళితే మొదటి ప్రశ్న అదే.

అయినా చదువు మీద డెల్టావారికి మక్కువ ఎక్కువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవల్లో నీళ్ళు పారాయి, గాదెల్లో ధాన్యం నిండింది. ఆ కాలంలో నరసాపురంలో టేలర్ అనే సబ్ కలెక్టరు ఉండేవాడు. ఆయన ప్రోత్సాహంతో రైతులు శిస్తుతో పాటు బడి ఖర్చుకు కూడా కొంత సొమ్ము కట్టడానికి ఒప్పుకున్నారు. కొత్తగా వచ్చిన డబ్బులో కొంత పిల్లల బడికి తీసిపెట్టడం ఆ రోజుల్లో చిన్న మాట కాదు. నరసాపురంలో టేలర్ హైస్కూలు ఆయన పేరుతోనే ఉంది. అల్లూరి సీతారామరాజు కొంతకాలం చదివింది ఆ బళ్ళోనే.

మన సుబ్బారావు మాటకు వద్దాం. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. దగ్గరివాళ్ళ మరణాలు ఒకదాని వెనక ఒకటి. పిల్లవాడి మనసు పాఠాల మీద నిలిచేది కాదు. పదమూడేళ్ళప్పుడు ఏం చేశాడో తెలుసా? కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని చెప్పకుండా ఇంట్లోంచి పారిపోయాడు! తల్లి వెంకమ్మగారు గట్టి మనిషి. వెనక్కు రప్పించి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టింది. పరీక్ష తప్పాడు. మళ్ళీ కూర్చోబెట్టింది. మళ్ళీ తప్పాడు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి కూర్చుని గట్టెక్కాడు.

తరవాత మద్రాసులో వైద్యం చదివాడు. చదువుతూండగానే అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి మనిషి నీరసించిపోయే జబ్బది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. 1922 అక్టోబరులో ఆయన అమెరికాలో బోస్టన్ నగరం చేరాడు. ప్రయాణానికి మామగారూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం ధర్మసంస్థా ఆసరాగా నిలిచారు. అక్కడ పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలెత్తే పని కూడా చేశాడు.

హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరాడు. రక్తంలో భాస్వరం ఎంత ఉందో తేల్చడానికి ఇద్దరూ కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించారు. కొన్ని రసాయనాలు కలిపితే ద్రవం నీలంగా మారుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. చాకలి గుడ్డకు పెట్టే నీలిమందు తలచుకోండి, అంతే.

ఈ పరీక్ష కండరపు రసానికి చేస్తే ఒక చిత్రం జరిగింది. నీలం రావలసినట్టు వెంటనే రాలేదు. కాస్త కాస్తగా, ఆలస్యంగా చిక్కబడుతూ వచ్చింది. ఇంకొకరైతే సీసా సరిగా కడగలేదనుకుని పారబోసేవారు. వాళ్ళు పారబోయలేదు. భాస్వరం దేనితోనో కట్టుబడి ఉండి, నెమ్మదిగా విడిపోతోందని పట్టుకున్నారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియేటిన్. 1927లో దాన్ని లోకానికి తెలియజేశారు. విశ్రాంతిగా ఉన్న కండరంలో అది దండిగా ఉంటుంది. కండరం పనిచేస్తే తరిగిపోతుంది. మళ్ళీ విశ్రాంతి ఇస్తే నిండుతుంది.

ఇప్పుడు మన చెడుగుడు బరికి రండి. కండరం బిగియాలంటే ఏ.టి.పి. అనే మరో పదార్థం కావాలి. (కండరంలో ఇది ఉన్నదని పసిగట్టినవారిలోనూ ఫిస్క్, సుబ్బారావు ఉన్నారు.) ఏ.టి.పి. కండరంలో బహు కొద్దిగా ఉంటుంది. గట్టిగా దూకితే రెండు మూడు సెకండ్లకు సరి. అప్పుడు ఫాస్ఫోక్రియేటిన్ తన భాస్వరాన్ని ఇచ్చి ఖర్చయిన ఏ.టి.పి.ని మళ్ళీ తయారుచేస్తుంది. దీనికి ప్రాణవాయువుతో పని లేదు! జేబులో చిల్లరలాగా చేతికి వెంటనే అందుతుంది. అందుకే ఊపిరి బిగబట్టినవాడికి కూడా ఆ ఊపు వస్తుంది. కాని ఈ చిల్లర సుమారు పది సెకండ్లలో అయిపోవస్తుంది. ఆ తరవాత శరీరం వేరే ఏర్పాట్ల మీద నడవాలి. ఊపు తగ్గుతుంది. పాత ఆటగాళ్ళు కూతకొచ్చినవాణ్ణి కాసేపు ఊరించి, అలసిపోయాక పట్టేది అందుకే. వాళ్ళకు రసాయనశాస్త్రం తెలియదు గాని, ఆట తెలుసు.

నాకు తెలిసిన లెక్కల మాస్టార్లు కొందరు ఆటల గంట మోగితే ముఖం చిట్లిస్తారు. వీలైతే వారికి ఈ పేజీ చూపించండి. నా పేరు మాత్రం చెప్పకండి.

సుబ్బారావు 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు మారాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూకు అది మందయింది. బోదకాలు జబ్బుకు హెట్రజాన్ అనే మందూ అక్కడే పుట్టింది. డెల్టాలో బోదకాలు బాధ ఎంతటిదో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు తెలుసు. ఆరోగ్యశాఖవారు ఊరూరా పంచిన డి.ఇ.సి. మాత్రలు ఆ మందే. 1948 ఆగస్టులో, యాభై మూడో ఏట ఆయన అమెరికాలోనే చనిపోయాడు. బోస్టన్ వెళ్ళిన తరవాత ఒక్కసారి కూడా భీమవరం రాలేదు.

రేపు ఆటల పీరియడులో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. నేల మీద రెండు గీతలు గీసి, వాటి మధ్య పది సెకండ్లు ప్రాణం పెట్టి పరుగెత్తండి. ఎంత దూరం పోయారో అడుగులు లెక్కపెట్టండి. పది సెకండ్లే ఆగి మళ్ళీ పరుగెత్తండి. దూరం తగ్గిందా? ఇప్పుడు అయిదు నిమిషాలు చెట్టుకింద కూర్చుని మూడోసారి పరుగెత్తండి. మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని, పక్కవాడి అంకెలతో పోల్చి చూసుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు పరుగెత్తవద్దు సుమా, గడియారం పట్టుకునేవాడు కూడా ఒకడు కావాలి కదా!