తారు రోడ్డుకీ గ్రావెల్ రోడ్డుకీ ఒకే సైకిలు: కొనేముందు ఏం చూడాలి?

మా ఆసుపత్రి షెడ్డులో ఇప్పుడు మోటారు సైకిళ్ల పక్కన, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న సైకిళ్లు కూడా కనబడుతున్నాయి. యువ డాక్టర్లు, ల్యాబు వారు, ఒకరిద్దరు స్టాఫు నర్సులు కూడా ఇవి తొక్కుతున్నారు. కొనాలనుకునే వారు "సిస్టరు గారూ, ఏది మంచిది?" అని అడుగుతున్నారు. మేము సైకిలు మెకానిక్కులం కాము. కాని సరిపడని సైకిలు తొక్కినవారి వేళ్లు, నడుములు, మోకాళ్లు చివరికి మా దగ్గరికే వస్తాయి గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మన వైపు దారి ఒకే రకంగా ఉండదు. మెయిన్ రోడ్డు దాకా తారు, అక్కడి నుంచి ఊళ్లోకి ఎర్ర గ్రావెల్, తర్వాత కాలువ గట్టు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, మనం అంచు కంకరలోకి దిగక తప్పదు. సన్న టైర్ల రేసు సైకిలు అక్కడ జారుతుంది. లావు టైర్ల కొండ సైకిలు తారు మీద బరువుగా లాగుతుంది. ఈ రెండింటి మధ్య వచ్చినదే గ్రావెల్ సైకిలు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా పట్టణం చుట్టూ చెకుముకిరాళ్ల దారుల్లో సుమారు 320 కిలోమీటర్ల పోటీ 2006లో మొదలైంది. ఇప్పుడు దాన్ని 'అన్‌బౌండ్ గ్రావెల్' అంటున్నారు. ఇలాంటి సైకిళ్లకు పేరు రావడానికి ఆ పోటీ ఒక ముఖ్య కారణం. 2022 నుంచి ఈ పందాలకు ప్రపంచ చాంపియన్‌షిప్పు కూడా ఉంది. అయితే మనకు కావలసింది పందెం కాదు, రెండు దారుల్లోనూ ఒళ్లు హూనం కాకుండా తిరిగి రావడం.

షాపులో మొదట చేతితో సైకిలు ఎత్తి బరువు చూడడం అందరికీ అలవాటు. మేము మాత్రం ముందు టైరుకీ ఫోర్కుకీ మధ్య సందు చూడమంటాము. ఈ ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుందని అడగండి. 28 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతే అది తారు రోడ్డు సైకిలు. 38 లేక 40 పట్టేదైతే రెండు దారులకూ పనికి వస్తుంది. సీటు మార్చవచ్చు, హ్యాండిల్ మార్చవచ్చు, సందు మాత్రం తర్వాత పెంచలేము. సుమారు 70 కిలోల మనిషికి 28 టైరులో 80 పి.ఎస్.ఐ. దాకా గాలి కావాలి. 40 టైరులో అందులో సగం చాలు. గాలి తక్కువైతే గులకరాళ్ల అదురును టైరే మింగుతుంది. లేకపోతే అది మన అరచేతిలోకి వస్తుంది.

అరచేతిలోకి వస్తే ఏమవుతుంది? మా ల్యాబులో పనిచేసే ఒక యువకుడు నిరుడు సన్న టైర్ల సైకిలు కొని రోజూ గట్టు మీద తొక్కాడు. రెండు నెలలకు చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారాయి. ఆ తర్వాత కవర్ స్లిప్పు పట్టుకుంటే జారిపోవడం మొదలైంది. మోచెయ్యి తలుపుకు తగిలితే జివ్వుమంటుందే, ఆ అల్నార్ నరమే మణికట్టు దగ్గర ఇరుకైన సందులోంచి అరచేతిలోకి వెళుతుంది. హ్యాండిల్ మీద బరువంతా అక్కడ మోపితే అది నలుగుతుంది. తిమ్మిరితో ఆగితే కొన్ని వారాల విశ్రాంతితో సాధారణంగా తగ్గుతుంది. పట్టించుకోకుండా తొక్కుతూ పోతే చేతిలోని చిన్న కండరాలు బలం తగ్గి, వాడిపోతాయి. ఈ అబ్బాయికి విశ్రాంతితో పట్టు తిరిగి వచ్చింది. ఫ్రేములో సందు లేదు గనుక టైరు మార్చలేక సైకిలు అమ్మేశాడు, సగం ధరకు!

కాబట్టి హ్యాండిల్ ఎత్తు రెండవ ముఖ్య విషయం. మొదట కొనేవారికి హ్యాండిల్ సీటుతో సమానంగా గాని కాస్త పైన గాని ఉంటే మంచిది. వెడల్పు మీ భుజాలంత ఉండాలి. బిగించేటప్పుడు ఫోర్కు గొట్టం పై భాగాన్ని పొట్టిగా కోయించకండి, కోశాక హ్యాండిల్ మళ్లీ అంత పైకి లేవదు. నెల రోజులు తొక్కి చూశాక ఆ సంగతి ఆలోచించవచ్చు. డ్రాప్ హ్యాండిల్ గొప్పతనం చేతులు పెట్టడానికి మూడు చోట్లు ఉండడం: పై కడ్డీ, బ్రేకు బుడిపెలు, కింది వంపు. పది నిమిషాలకొకసారి చోటు మార్చండి. మా నర్సుల్లో చాలామందికి చేతులు చిన్నవి, బ్రేకు పిడి అందదు. చాలా పిడులను దగ్గరికి జరిపే మర ఉంటుంది. షాపతను చెప్పకపోయినా మీరు అడిగి జరిపించుకోండి.

సీటు ఎత్తుకు సులువైన పరీక్ష ఉంది. గోడకు ఆనుకుని కూర్చుని మడమ పెడలు మీద పెట్టండి. పెడలు అడుక్కి వచ్చినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీద ఉంటుంది గనుక మోకాలు కాస్త వంగుతుంది, అదే కావాలి. సీటు మరీ దిగువన ఉంటే మోకాలి చిప్ప ముందు నొప్పి వస్తుంది. తొడల మధ్య తిమ్మిరి వస్తే సిగ్గుపడి దాచుకోకండి, అదీ నరం నలగడమే. సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూసి సమం చేయించండి. స్త్రీలకు కటి ఎముకలు సాధారణంగా ఎడంగా ఉంటాయి గనుక వెనక భాగం వెడల్పైన సీటు అడగండి. మెత్తటి దిండు సీటు మాత్రం వద్దు, అందులో దిగబడి ఇంకా ఎక్కువ నొక్కుకుంటుంది.

బ్రేకులు డిస్కువి తీసుకోండి. వానలో, బురదలో రిమ్ము బ్రేకు కన్నా నమ్మకం. తీగతో లాగేవైతే చిన్న ఊళ్లో కూడా బాగు చేయించుకోవచ్చు, నూనెతో పనిచేసేవి వేళ్లకు తేలిక. గేర్ల విషయంలో ముందు చిన్న పళ్ల చక్రం, వెనక పెద్ద పళ్ల చక్రం పళ్లు సమానంగా ఉంటే, ఉదాహరణకు 34, 34, మామూలు ఎక్కుళ్లకు చాలు. అరకు ఘాటు ఎక్కే ఉద్దేశం ఉన్నవారు వెనక ఇంకా పెద్దది అడగండి.

ఇంకొక సంగతి షాపులో ఎవరూ చెప్పరు. ఈ సైకిళ్ల '700సి' చక్రానికి టైరు కూర్చునే అంచు వ్యాసం 622 మిల్లీమీటర్లు. మన పాత నల్ల సైకిలు 28 అంగుళాల చక్రానికి 635. చూడడానికి ఒకేలా ఉన్నా ఆ టైరు దీనికి పట్టదు. ఊళ్లో కొట్టులో దొరుకుతుందనుకుని బయలుదేరకండి. ఒక ట్యూబు, చిన్న పంపు, ప్యాచీలు వెంట ఉంచుకోండి. గట్ల మీద పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు ఎలాగూ ఉంటాయి.

తలకు హెల్మెట్టు, వెనక ఎర్ర లైటు సైకిలు ధరలోనే లెక్క వేసుకోండి. సైకిలు ఎంత మంచిదైనా, తొక్కడం మానిన వారం తర్వాత కూడా వేళ్ల తిమ్మిరి తగ్గకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా డాక్టరుకు చూపించండి. వచ్చేటప్పుడు సైకిలు కూడా తీసుకురండి. మీరు దాని మీద ఎలా కూర్చుంటున్నారో ఫిజియోథెరపీ వారు చూడాలి.