లాక్‌డౌన్‌లో యాక్సిడెంట్ అయింది, కేసు వెయ్యలేదు... ఇప్పుడు హక్కు పోయినట్టేనా?

"2020లో మా నాన్నని బండి గుద్దింది. అప్పుడు కోర్టులు మూసేశారు, కేసు వెయ్యలేకపోయాం. ఇంక డబ్బులు రావా?" చాలా ఇళ్లలో ఉన్న డౌటే ఇది.

కరోనా ఎవరి హక్కునీ రద్దు చెయ్యలేదు. సుప్రీంకోర్టు 2020 మార్చి 23న తనంతట తానే ఈ విషయం తీసుకుని గడువులని ఆపింది. చివరికి 2022 జనవరి 10న లెక్క తేల్చింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న రోజులు గడువులో కలపకూడదు. ఆ మధ్యలో గడువు అయిపోయినవాళ్లకి 2022 మార్చి 1 నుంచి 90 రోజులు ఇచ్చింది. అంతకన్నా ఎక్కువ మిగిలి ఉంటే, మిగిలినదంతా వాళ్లదే.

ఉదాహరణకి, 2019 సెప్టెంబర్ 15న ఆపరేషన్‌లో డాక్టర్ నిర్లక్ష్యం వల్ల ఒకరికి గాయమైంది అనుకోండి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి 2 ఏళ్లు టైమ్. కరోనా వచ్చేసరికి 6 నెలలు అయిపోయాయి, 18 నెలలు మిగిలాయి. అంటే 2023 ఆగస్టు చివరిదాకా కేసు వెయ్యొచ్చు. ఆ తేదీ కూడా దాటిపోయింది కదా, ఇప్పుడు వేస్తే ఆలస్యానికి కారణం చూపించాలి.

రోడ్డు ప్రమాదాల సంగతి వేరు. 1994 సవరణ తర్వాత క్లెయిమ్‌కి అసలు గడువే లేదు. నాన్నగారి యాక్సిడెంట్ జరిగింది ఆ రోజుల్లోనే. 2022 ఏప్రిల్ 1 నుంచి మాత్రం 6 నెలల గడువు మళ్లీ పెట్టారు. కరోనా మినహాయింపు ముగిసిన నెలకే! దాని మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది. ఆ నమ్మకంతో కూర్చోకండి, కొత్త యాక్సిడెంట్ అయితే 6 నెలల్లోపే వేసెయ్యండి.

పాత కేసుల్లో అసలు చిక్కు కాగితాలతోనే. లాక్‌డౌన్‌లో పక్కవీధి క్లినిక్‌లో కట్టు కట్టించుకుని వచ్చేసినవాళ్ల దగ్గర ఏముంటుంది చెప్పండి? ఎఫ్‌ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు, దొరికినవన్నీ తియ్యండి.

ఇన్సూరెన్స్ కంపెనీ "డ్రైవర్ లైసెన్స్ ఎక్స్‌పైర్ అయింది" అంటే తేదీ చూడండి. 2020 ఫిబ్రవరి 1 తర్వాత ముగిసిన లైసెన్సు, ఆర్‌సీ, ఫిట్‌నెస్ లాంటివి 2021 అక్టోబర్ 31 దాకా చెల్లుతాయని కేంద్ర రవాణా శాఖ చెప్పింది. బండి ఇన్సూరెన్స్ పాలసీ మాత్రం ఆ లిస్టులో లేదు.

లాయర్ ఫీజు కట్టలేకపోతే 15100కి కాల్ చెయ్యండి, అది న్యాయసేవాధికార సంస్థ నంబర్. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయం ఎంతున్నా లాయర్‌ని ఫ్రీగా ఇస్తారు.