గాలికి దారి చూపే లోహపు కండె

బస్తాలు నింపే యంత్రం దగ్గర 'బుస్‌... బుస్‌...' మంటూ ఓ చప్పుడు వినిపిస్తుంటుంది. దాని వెనకున్నది వేలెడంత లోహపు ముక్క. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని సందులో అది ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటేనే యంత్రం నడుస్తుంది. దాని సంగతేంటో తెలుసుకుంటే యంత్రమూ బాగుంటుంది... దాని దగ్గర పనిచేసేవారి చేతులూ బాగుంటాయి!

సిద్దిపేట జిల్లాలో 2020లో రంగనాయకసాగర్‌కి గోదావరి నీళ్లు చేరాక వరి సాగు బాగా పెరిగింది. నారాయణరావుపేట చుట్టుపక్కల ఊళ్లలో కోతలు కాగానే వడ్లు కొనుగోలు కేంద్రానికీ, అక్కణ్నుంచి రైసుమిల్లుకీ వెళ్తాయి. పొట్టూడి, పాలిషై, ఆఖరికి బస్తాల్లోకి చేరతాయి. ఇప్పటి మిల్లుల్లో ఆ బస్తా నింపే పని చాలాచోట్ల యంత్రానిదే. సంచి మూతిని రెండు ఇనుప దవడలు గట్టిగా పట్టుకుంటాయి. పైన గేటు తెరుచుకుంటుంది. తూకం సరిపోగానే ఠక్కున మూసుకుంటుంది. దవడలు సంచిని వదిలేస్తాయి.

వాటిని అలా ఆడించేది ఎవరనుకుంటున్నారు? గాలి! కంప్రెసర్‌లో కుదించి గొట్టాల్లోంచి పంపే మామూలు గాలి. ఫ్యాక్టరీల్లో దీని పీడనం సాధారణంగా ఆరు బార్ల దాకా ఉంటుంది. కారు టైర్లో ఉండేదానికి దాదాపు మూడింతలన్నమాట. లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లున్న చిన్న సిలిండర్‌లోకి ఈ గాలిని వదిలితే పిస్టన్ సుమారు 120 కిలోల బలంతో ముందుకు తోసుకొస్తుంది. మరి ఆ గాలి ఎప్పుడు ముందుకు తొయ్యాలో, ఎప్పుడు వెనక్కి లాగాలో చెప్పేదెవరు? అదే స్పూల్ వాల్వు.

ఐదు దారులు... రెండు స్థానాలు

కుట్టుమిషన్ మీద దారపు రీలుని చూశారుగా? సిరిసిల్ల మగ్గాల దగ్గరైతే దారం కండెలు కనిపిస్తాయి. ఇంగ్లిషులో స్పూల్ అంటే దారం చుట్టే రీలే. చివర్లు లావుగా, నడుము సన్నగా ఉంటుంది కాబట్టి వాల్వు లోపలి కడ్డీకీ ఆ పేరే పెట్టేశారు.

ఈ కడ్డీ ఓ గొట్టంలో అటూ ఇటూ జరుగుతుంది. ఆ గొట్టం పేరు స్లీవ్. దాని గోడకి ఐదుచోట్ల దారులుంటాయి. ఒకటి కంప్రెసర్ నుంచి గాలి వచ్చేది. రెండు సిలిండర్‌కి వెళ్లేవి... ఒకటి పిస్టన్‌కి ముందువైపు, ఇంకోటి వెనకవైపు. మిగతా రెండూ పనైపోయిన గాలి బయటికి పోయేవి. స్పూల్ లావు భాగాలు ఈ దారులకి తలుపుల్లా అడ్డుపడతాయి. సన్నటి నడుము చుట్టూ ఉన్న ఖాళీలోంచి గాలి పక్క దారిలోకి మళ్లుతుంది. స్పూల్ ఒకవైపు జరిగితే పిస్టన్ వెనక్కి గాలి చేరుతుంది, ముందున్న గాలి బయటికి పోతుంది. రెండోవైపు జరిగితే అంతా తారుమారు. మనకి వినిపించే 'బుస్‌' చప్పుడు అలా బయటపడే గాలిదే. ఐదు దారులు, రెండు స్థానాలు... అందుకే దీన్ని 5/2 వాల్వు అంటారు.

ఆలోచన పాతదే. ఆవిరియంత్రం కోసం జరుగుడు వాల్వుని బ్రిటన్‌కి చెందిన విలియం మర్డాక్ 1799లోనే పేటెంట్ చేశాడు. తర్వాతి కాలపు రైలింజన్లలో ఆవిరిని పిస్టన్‌కి ఒకసారి ముందు, ఒకసారి వెనక అందించిన పిస్టన్ వాల్వుకీ మన స్పూల్‌కీ పోలిక ఎక్కువే.

అంత ఒత్తిడిలో కదిలేదెలా?

ఆరు బార్ల గాలి మీద పడుతుంటే ఆ కడ్డీని జరపాలంటే ఎంత బలం కావాలో అనిపిస్తుంది. నిజానికి చాలా కొంచెం చాలు. లావు భాగాలు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి గాలి ఒకదాన్ని కుడికి ఎంత తోస్తుందో, రెండోదాన్ని ఎడమకి అంతే తోస్తుంది. త్రాసులో రెండు పళ్లాలూ సమానంగా ఉంటే చిటికెనవేలు తగిలినా ఒకవైపు ఒరిగినట్టు, స్పూల్ కూడా కొద్దిపాటి తోపుకే జరుగుతుంది.

ఆ తోపునీ ఎక్కువగా గాలితోనే ఇస్తారు. కరెంటు తీగచుట్ట సూదిమొనంత రంధ్రాన్ని తెరుస్తుంది. అందులోంచి వచ్చిన గాలి స్పూల్ చివరని నెడుతుంది. అందుకే కొద్ది వాట్ల కరెంటుతోనే అంత పెద్ద బలాన్ని అదుపు చెయ్యొచ్చు.

రబ్బరు ఉండగా లోహమెందుకు?

గాలి పక్కకి జారకుండా స్పూల్ చుట్టూ రబ్బరు రింగులు తొడగొచ్చు. అలాంటి వాల్వులూ బోలెడున్నాయి. లీకు తక్కువ, ధరా తక్కువే. కానీ రబ్బరు రాసుకుంటుంది, అరుగుతుంది. నాలుగు రోజులు యంత్రం ఆపితే అతుక్కున్నట్టై మొదటిసారి కదలడానికి మొరాయిస్తుంది. కొన్నిరకాల నూనెలు తగిలితే ఉబ్బుతుంది కూడా.

లోహపు స్పూల్‌కి ఆ బాధల్లేవు. స్పూల్‌కీ స్లీవ్‌కీ మధ్య కొద్ది మైక్రాన్ల సందు మాత్రమే ఉంచుతారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ కాస్త సందులో పల్చటి గాలిపొర ఏర్పడి, స్పూల్ దానిమీదే తేలినట్టు జారుతుంది. రాపిడి లేదు కాబట్టి ఏళ్ల తరబడి ఒకే వేగంతో పనిచేస్తుంది. బదులుగా రెండు షరతులు... కొంచెం గాలి ఎప్పుడూ లీకవుతుంది, లోపలికి వచ్చే గాలి శుభ్రంగా ఉండి తీరాలి.

జతగా పుట్టి జతగానే...

ఇంత సన్నటి సందుని సాధించడం మాటలు కాదు. ముందు ఉక్కుని తరిణె పట్టి, గట్టిపరిచి, సాన పట్టాలి. తర్వాత మెత్తటి పేస్టుతో నెమ్మదిగా నూరుతూ మైక్రాన్ మైక్రాన్‌గా తగ్గించాలి. ఈ ఆఖరి పనినే ల్యాపింగ్ అంటారు. ఒక స్పూల్‌కి సరిపోయే స్లీవ్‌ని ఎంచి జతకడతారు. ఆ తర్వాత అవి విడదీయరాని జంటే. రెండు వాల్వులు విప్పి కడిగేటప్పుడు ఒకదాని స్పూల్‌ని ఇంకోదాంట్లో పెడితే... లోపలికి దూరదు, లేదంటే గాలి ధారాళంగా కారిపోతుంది.

వేడితోనూ పేచీయే. 20 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 20 డిగ్రీలు వేడెక్కితే నాలుగైదు మైక్రాన్లు లావెక్కుతుంది. సందంతా అంతేగా! చేతిలో కాసేపు పట్టుకున్నా కొలత మారిపోతుంది. అందుకే ప్రపంచమంతా పొడవు కొలతలకి 20 డిగ్రీల సెల్సియస్‌ని ప్రమాణంగా పెట్టుకుంది. స్పూల్‌నీ స్లీవ్‌నీ ఒకేలా వ్యాకోచించే లోహాలతో చేసేదీ ఇందుకే.

ఇలాంటి సునిశితమైన పని నేర్పే చోటు మనకి దగ్గర్లోనే ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ని ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్రప్రభుత్వం 1968లో నెలకొల్పింది. పనిముట్ల రూపకల్పనతో పాటు గాలితో, నూనె ఒత్తిడితో నడిచే వ్యవస్థల మీదా అక్కడ శిక్షణ ఇస్తారు.

నీళ్లు, దుమ్ము, నూనె జిగురు

వానాకాలం గాలిలో తేమ ఎంత ఉంటుందో మనకి తెలిసిందే. ఆ గాలిని ఏడింతలు కుదించి చల్లబరిస్తే తేమలో చాలా భాగం నీళ్లైపోతుంది. కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరేది అదే. రోజూ దాన్ని వదిలెయ్యకపోతే గొట్టాల్లోంచి వాల్వులోకి వెళ్తుంది. తుప్పు రేణువులూ, మిల్లు దుమ్మూ తోడవుతాయి. కంప్రెసర్ నూనె వేడికి మాగి, జిగురై, సందులో అంటుకుంటుంది. ఇంకేముంది... స్పూల్ బిగుసుకుపోతుంది.

అప్పుడు చాలామంది చేసే పని ఎమెరీ పేపరు తీసుకుని స్పూల్‌ని రుద్దడం. అంతే, ఆ జత పని అయిపోయినట్టే! నాలుగు మైక్రాన్ల సందు కోసం గంటలు శ్రమించిన పనిని నాలుగు రుద్దులు పాడుచేస్తాయి. తయారీదారు చెప్పిన ద్రావకంతో కడిగి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, తిరిగి తన స్లీవ్‌లోనే పెట్టాలి. అసలు ఆ అవసరమే రాకుండా వాల్వుకి ముందు మంచి ఫిల్టరు ఉంచడం ఇంకా చవక. లీకుల్నీ చిన్నచూపు చూడకూడదు. నిర్వహణ సరిగాలేని ఫ్యాక్టరీల్లో కంప్రెసర్ ఇచ్చే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుందని ఇంధన పొదుపు నిపుణుల అంచనా. అదంతా కరెంటు బిల్లేగా!

కరెంటు పోయినా గాలి పోదు

యంత్రం పాడైతే డబ్బే పోతుంది. చెయ్యి పోతే? అందుకే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది... కరెంటు పోతే స్పూల్ ఏం చేస్తుంది?

ఒక తీగచుట్ట, ఒక స్ప్రింగు ఉన్న వాల్వైతే స్ప్రింగు దాన్ని మొదటి స్థానానికి నెట్టేస్తుంది. అంటే కరెంటు పోయిన క్షణంలోనే సిలిండర్ ఒక్క ఊపున కదలొచ్చు. రెండు తీగచుట్టలుంటే స్పూల్ ఉన్నచోటే ఉండిపోతుంది. బరువైన వస్తువుని పట్టుకున్న దవడలు కరెంటు పోగానే వదిలెయ్యకూడదు కాబట్టి అక్కడ రెండోరకం పెడతారు. అయితే లోహపు స్పూల్‌కి రాపిడి తక్కువ కదా... నిలబెట్టి బిగిస్తే అదురుకి కిందికి జారొచ్చు. అందుకే ఇలాంటివాటిని అడ్డంగా బిగించమంటారు, లేదా స్పూల్‌ని ఆపే చిన్న నొక్కు ఏర్పాటు ఉన్నవి వాడమంటారు.

ఏం పోయినా ప్రమాదం జరగకూడదన్న ఈ ఆలోచన రైళ్లలో ఎప్పుడో వచ్చింది. అమెరికాకు చెందిన జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో పేటెంట్ చేసిన ఎయిర్ బ్రేకులో గొట్టం తెగితే బ్రేకు పడేది కాదు. 1872లో ఆయనే దాన్ని తలకిందులు చేశాడు. గొట్టంలో గాలి తగ్గితేనే బ్రేకు పడేలా కొత్త వాల్వు తెచ్చాడు. 2023 అక్టోబరులో రైలొచ్చిన సిద్దిపేటలోనైనా, ఇంకెక్కడైనా మన రైళ్ల ఎయిర్ బ్రేకులది నేటికీ అదే సూత్రం.

ఫ్యాక్టరీలో మాత్రం స్విచ్ ఆపినంత మాత్రాన ట్యాంకులోని గాలి ఎక్కడికీ పోదు. సిలిండర్లోనూ మిగిలే ఉంటుంది. ఇరుక్కున్న సంచిని లాగుదామని చెయ్యి పెట్టినప్పుడు, బిగుసుకున్న స్పూల్ అప్పుడే వదులైతే 120 కిలోల దెబ్బ! వాల్వు మీదుండే చిన్న బొత్తాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కినా అంతే, కరెంటు లేకపోయినా పిస్టన్ దూసుకొస్తుంది.

ఈ జిల్లా నుంచి పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు పనికెళ్లే కుర్రాళ్లున్న ఇళ్లలో ఒక్కసారి ఈ మాట అనుకోండి. ముందు స్విచ్ ఆపాలి. తర్వాత గాలి వచ్చే దారి మూసి తాళం వెయ్యాలి. పైకి లేచి ఉన్న బరువు గాలి తీయగానే పడిపోతుంది కాబట్టి దానికింద ఊత పెట్టాలి. లోపల మిగిలిన గాలిని వదిలెయ్యాలి. మీటరు ముల్లు సున్నాకి వచ్చిందని కళ్లతో చూశాకే చెయ్యి లోపల పెట్టాలి.