వరిసాగులో నడుము నొప్పి: శ్రమ సామర్థ్యంపై ప్రభావం, నివారణ మార్గాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ వెల్లడించిన అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చు. వంగి చేసే పనులు అధికంగా ఉన్న వరిసాగులో ఈ సమస్యను వైద్యరంగానికే వదిలివేయడం సరికాదు. నాటే దూరం, విత్తే పద్ధతి, కలుపు యాజమాన్యం, పనిముట్టు పిడి పొడవు వంటి సేద్యపు నిర్ణయాలే కూలీల నడుముపై పడే భారాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి.

వంగినప్పుడు నడుములో జరిగే మార్పులు

ముందుకు వంగినప్పుడు తల, చేతులు, మొండెం బరువు నడుమును ఆధారంగా చేసుకొని ముందుకు లాగుతుంది. దానిని నిలిపి ఉంచడానికి వీపు కండరాలు బిగుసుకుంటాయి. ఫలితంగా పూసల మధ్య ఉండే డిస్కులపై ఒత్తిడి పెరుగుతుంది. పూర్తిగా వంగిన భంగిమలో కండరాల పని తగ్గి, భారం లిగమెంట్లపైకి మారుతుంది. చాలాసేపు సాగి ఉన్న లిగమెంట్లు నిలబడిన వెంటనే పూర్వపు బిగువును పొందలేవు. అందువల్ల నాట్లు వేసి లేచిన వెంటనే తడి నారు కట్టలను మోయడం ప్రమాదకరం.

శ్రమ సామర్థ్యంపై ప్రభావం

20 × 15 సెం.మీ. దూరంలో నాటినప్పుడు చదరపు మీటరుకు 33 కుదుళ్లు, ఎకరాకు 1.3 లక్షలకు పైగా కుదుళ్లు వస్తాయి. పదిమంది ఒక్క రోజులో ఎకరం నాటితే ఒక్కొక్కరు సుమారు 13 వేల కుదుళ్లు వంగే నాటవలసి ఉంటుంది. నొప్పి ఉన్నవారు సాధారణంగా పని మానరు, మానితే ఆ రోజు కూలి ఉండదు. వారి పని వేగం మాత్రం తగ్గుతుంది. గుత్త పద్ధతిలో వెనుకబడినవారిని జట్టు మరుసటి రోజు పిలవకపోవచ్చు. నాట్లు ఆలస్యమైతే ముదురు నారు నాటవలసి వచ్చి, పిలకలు తగ్గుతాయి. ఈ విధంగా కూలీ ఆరోగ్యం రైతు దిగుబడితో ముడిపడి ఉంది.

సాగు పద్ధతులు, పనిముట్లు

శ్రీ పద్ధతిలో 25 × 25 సెం.మీ. దూరం పాటిస్తే ఎకరాకు సుమారు 65 వేల కుదుళ్లు సరిపోతాయి. కోనోవీడరుతో నిలబడి కలుపు తీయవచ్చు. అయితే పిడి ఎత్తు మనిషికి తగినట్లు మార్చుకొనే వీలు లేకపోతే భారం భుజాలకు మారుతుంది. డ్రమ్‌సీడరుతో నేరుగా విత్తితే నాట్ల శ్రమ తప్పుతుంది. కానీ కలుపును సకాలంలో అదుపు చేయకపోతే వంగడం నాట్ల నుండి కలుపు తీతకు మారుతుందే గాని తగ్గదు. యంత్రనాట్లు శ్రమతో పాటు మహిళల పనిదినాలనూ తగ్గిస్తాయి. కాబట్టి యంత్రం నడపడంలోను, ట్రేలలో నారు పెంచడంలోను వారికి శిక్షణ ఇవ్వాలి.

పనిముట్టు మార్పు ఎంత కీలకమో అమెరికా అనుభవం తెలుపుతుంది. కూలీల వెన్నుకు హాని చేస్తున్న పొట్టి పిడి పార వాడకాన్ని కాలిఫోర్నియా రాష్ట్రంలో 1975లో నిషేధించారు. మన మెట్ట పైర్లలో వాడే పొట్టి పిడి తొలికల విషయంలోనూ ఈ దృష్టి అవసరం.

విస్తరణ సిబ్బంది ఇవ్వదగిన సలహాలు

• పని మధ్యలో తరచుగా నిటారుగా నిలబడి, నడుమును మెల్లగా వెనుకకు వంచాలి.
• వంగి పనిచేసిన తరువాత కొద్ది నిమిషాలు నడిచి, ఆపైనే బరువులు ఎత్తాలి.
• నారును చిన్న కట్టలుగా కట్టి, శరీరానికి దగ్గరగా పట్టుకొని మోయాలి.
• నాటడం, నారు అందించడం వంటి పనులను జట్టులో వంతులవారీగా మార్చుకోవాలి.
• సాధారణ నడుము నొప్పికి రోజుల తరబడి మంచంపై విశ్రాంతి మేలు చేయదు. ఓర్చుకోగలిగిన మేరకు కదులుతూ ఉండాలి.
• కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రంపై అదుపు తప్పినా, జ్వరంతో కూడిన నొప్పి ఉన్నా వెంటనే వైద్యుని సంప్రదించాలి.

క్షేత్ర ప్రదర్శనలలో దిగుబడి, ఖర్చు, నికరాదాయాలను నమోదు చేయడం ఆనవాయితీ. వాటితోపాటు ఎకరాకు ఎన్ని గంటలు వంగి పనిచేయవలసి వచ్చిందో కూడా నమోదు చేస్తే, ఏ పద్ధతి నిజంగా శ్రమను తగ్గిస్తుందో, ఏది ఒక పని నుండి మరొక పనికి మాత్రమే మారుస్తుందో స్పష్టమవుతుంది. విద్యార్థుల పరిశోధనలకు ఇది తక్కువ ఖర్చుతో చేపట్టదగిన అంశం.