పాకం పట్టిన చెయ్యి

సంక్రాంతి అరిసెలకు పాకం జాగ్రత్తగా చూడాలి. పళ్లెంలో నీళ్లు పోసి గరిటె అంచు నుంచి ఒక్క చుక్క వదిలితే అది కరిగిపోకూడదు, రాయిలా టంగుమనకూడదు. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టాలి. మా అమ్మకు ఇది చూపుతోనే తెలిసిపోతుంది. నాకు తెలియదన్న సంగతి ఇంటర్ రెండో ఏడాదిలో, పిన్ని కూతురి పెళ్లికి రెండు రోజుల ముందు తేలింది. కాకపోతే నేను పట్టింది అరిసెల పాకం కాదు, చేతుల మీద నూగు లాగేసే పాకం.

రెండు కప్పుల పంచదార, పావు కప్పు నిమ్మరసం, పావు కప్పు నీళ్లు. సన్న సెగ మీద తేనె రంగు వచ్చేదాకా ఉంచాలన్నారు. నేను ఫోన్ మాట్లాడుతూ ఆ రంగు దాటించేశాను. చల్లారాక మోచేతి కింద పూసి, పాత లుంగీలోంచి చింపిన పేలిక అద్ది లాగితే పేలిక వచ్చింది, పాకం చేతికే ఉండిపోయింది. అమ్మ కొబ్బరినూనె పట్టుకొచ్చి రుద్దింది. జిడ్డు పెరిగిందే తప్ప పాకం కదల్లేదు. మంచం మీంచి అమ్మమ్మ అంది: "పంచదార నూనెకు కరుగుతుందటే? వేణ్ణీళ్లు పొయ్యండి." రెండు చెంబులకు మొత్తం పోయింది. పెళ్లిలో మాత్రం పొడుగు చేతుల జాకెట్టే వేసుకున్నాను.

వ్యాక్సింగ్ గురించి తెలుసుకోవాల్సిన మొదటి సంగతి అమ్మమ్మ ఆ ఒక్క మాటలో చెప్పేసింది. పంచదార పాకమైతే నీళ్లకు పోతుంది, బంక కలిసిన మైనమైతే నూనెకే పోతుంది. నిమ్మరసం వెనకా వంటింటి లెక్కే ఉంది. పులుపు తగిలితే పంచదార గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది, పాకం పలుకులు కట్టదు. జాంగ్రీ పాకంలో మిఠాయి మాస్టారు నిమ్మకాయ పిండేది అందుకే. ఇంట్లో ప్రయత్నించేవాళ్లు మరవకూడనిది ఇంకొకటుంది: పొయ్యి మీద ఈ పాకం 115, 120 డిగ్రీల దాకా కాగుతుంది. మరిగే నీళ్ల కన్నా వేడి, పైగా పడ్డచోట అంటుకుని వదలదు. చేతికి పూసే ముందు గోరువెచ్చన అయ్యేదాకా ఆగాల్సిందే.

ఈ విద్య మన వంటింట్లో పుట్టింది కాదు. ఈజిప్టులో, చుట్టుపక్కల అరబ్బు దేశాల్లో ఆడవాళ్లు తరతరాలుగా ఈ పంచదార పాకాన్ని వేళ్లతో సాగదీసి, ఉండ చేసి, ఒంటికి అద్ది లాగేవారు. అక్కడ దాని పేరు హలావా. అంటే తీపి. మన పెళ్లి విస్తట్లో పడే హల్వాదీ అదే మాట. పెళ్లికూతురిని చేసేటప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చేరి నవ్వుకుంటూ, ఏడిపించుకుంటూ చేసే పని అది.

మన దగ్గర ఆ చోటు నలుగుది. శనగపిండి, పసుపు, మీగడ కలిపి ఒంటికి పట్టించి, ఆరుతుండగా ఎదురు రుద్దితే నూగు కొంత రాలేది. పసిబిడ్డకు నుదుటి మీద, వీపు మీద సున్నిపిండితో రుద్దే నాయనమ్మలు ఇప్పటికీ ఉన్నారు. ఆ బొచ్చు పుట్టుకతో వచ్చి కొన్ని వారాల్లో తనంత తానే రాలిపోయేది. పేరు మాత్రం నాయనమ్మకు వస్తుంది, ఎర్రగా కందిన వీపు బిడ్డకు మిగులుతుంది.

మా వీధి చివర పార్లర్ ఒకే గది. సగానికి పూల తెర. తెర ముందు ఐబ్రోలు, తెర వెనక వ్యాక్సింగ్. నడిపే ఆవిడకు నలభై దాటాయి. పదిహేనేళ్లుగా చూస్తున్నా, ఆవిడ పనిలో తొందర ఎప్పుడూ కనిపించలేదు. ముందు టాల్కమ్ పౌడర్ చల్లుతుంది. బెజవాడ మే నెలలో చెమట మీద ఏ వ్యాక్సూ నిలవదు మరి. హీటర్‌లోంచి చెక్కపుల్లతో కొంచెం తీసి తన మణికట్టు లోపలి వైపు తాకించి చూసుకుంటుంది. తర్వాతే నా చేతికి. వెంట్రుక వాలిన దిక్కుకు పలచగా పూసి, పట్టీ వేసి, అరచేత్తో రెండుసార్లు నిమురుతుంది. ఎడమచేత్తో చర్మాన్ని బిగబట్టి, "ఊపిరి వదులు అక్కా" అంటుంది. వదిలేలోపే అయిపోతుంది. లాగిన మరుక్షణం అరచెయ్యి అక్కడే ఆనించి నొక్కి పెడుతుంది. ఆ నొక్కుడుకు మంట సగం దిగిపోతుంది.

కిటుకంతా ఆ లాగుడులో ఉంది. పట్టీ ఎదురు దిక్కుకు రావాలి, అదీ చర్మాన్ని దాదాపు రాసుకుంటూ వెనక్కి. పైకి లేపి లాగితే చర్మమూ లేస్తుంది. కమిలిపోతుంది, వెంట్రుక మధ్యలో తెగుతుంది, తెగిన కొస లోపలికే వంకర తిరిగి పొక్కవుతుంది. వెంట్రుక కనీసం బియ్యపు గింజంత పెరిగి ఉండాలి, లేకపోతే వ్యాక్స్‌కు పట్టు దొరకదు. ముందు వారం రేజరు పెట్టుకుని వచ్చిన పిల్లల్ని ఆవిడ నిర్మొహమాటంగా వెనక్కి పంపేస్తుంది. వచ్చే బేరాన్ని అలా వదులుకునే ధైర్యం పెద్ద సెలూన్లలో నాకు పెద్దగా కనిపించలేదు.

మైనం అంటాం గానీ చాలా డబ్బాల్లో తేనెపట్టు మైనం ఉండదు. 'హనీ వ్యాక్స్' డబ్బాల్లో ఎక్కువ భాగం మన పంచదార పాకానికి చుట్టమే. రికా అనేది ఇటలీ కంపెనీ పేరు. మన పార్లర్లలో మాత్రం నూనెకు కరిగే ఆ రకానికంతటికీ అదే ముద్దుపేరైపోయింది. వాటిలో పట్టునిచ్చేది చాలావరకు పైన్ చెట్ల బంక నుంచి తీసే రోజిన్, వయొలిన్ విద్వాంసులు కమానుకు రుద్దుకునే పదార్థమే. అది కొందరికి పడదు, దద్దుర్లు లేస్తాయి. కొత్త రకం వేయించుకునే ముందు మోచేతి దగ్గర రూపాయి బిళ్లంత చోట వేసి ఒక రోజు చూసుకోవడం మేలు. ఇక చాక్లెట్, వైట్ చాక్లెట్, స్ట్రాబెర్రీ... వాసన, రంగు, బిల్లు మారతాయి. వెంట్రుకకు ఐస్‌క్రీం రుచులతో పని లేదు.

"ట్యాన్ పోతుంది" అన్న బేరం మాటా అలాంటిదే. పట్టీతో పాటు చర్మం పైన మృతకణాల పొర కొంచెం వస్తుంది, నాలుగు రోజులు చెయ్యి తేటగా కనిపిస్తుంది. ఎండ వల్ల వచ్చిన నలుపు పట్టీకి అంటుకుని వచ్చేది కాదు. తెలుపు మీద మనకున్న మోజును వెంట్రుకల ఖాతాలో కూడా అమ్మేస్తున్నారు, అంతే.

గీస్తే మందంగా మొలుస్తాయన్న నమ్మకం మాత్రం తప్పని శాస్త్రం ఎప్పుడో తేల్చేసింది. అమెరికాలో 1915లో జిలెట్ ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా రేజరు తెచ్చింది. చేతుల్లేని గౌన్ల కాలం మొదలవుతోంది, చంకల్లో వెంట్రుకలు అప్పుడే హఠాత్తుగా సమస్య అయ్యాయి. రేజర్లు అలా ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చాక, 1928లో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త గీసినంత మాత్రాన వెంట్రుక మందమూ మారదు, పెరిగే వేగమూ మారదు అని కొలిచి చూపించారు. తెగిన కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి గరుగ్గా తగులుతుంది. వ్యాక్స్‌లో వెంట్రుక కుదురుతో వస్తుంది, కొత్తది సన్నని మొనతో మొదలవుతుంది, అందుకే మెత్తన. అయితే దాన్ని పుట్టించే గుంట లోపల భద్రంగానే ఉంటుంది. మూడు నుంచి ఆరు వారాల్లో మళ్లీ వస్తుంది. వారానికే కనిపించేవి మొండివి కావు. మీరు వెళ్లిన రోజున చర్మం కింద నిద్రలో ఉండి తప్పించుకున్నవి.

ఇక్కడ కొంచెం ఆగాలి. పోయినేడు నేను కుర్చీలో ఉండగా తెర అవతల ఒక పిల్లకు అప్పర్ లిప్ చేస్తూ ఆవిడ గొంతు తగ్గించింది. "గడ్డం కింద ఇదివరకు ఇన్ని లేవు కదమ్మా. డేట్స్ సరిగ్గా వస్తున్నాయా?" ఆ పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య సంతానవయసు ఆడవాళ్లలో నూటికి 10 నుంచి 13 మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దవడ, గడ్డం, పొత్తికడుపు మీద ముతక వెంట్రుకలు దాని గుర్తుల్లో ఒకటి. వాటిని కొలవడానికి డాక్టర్లకు 1961 నుంచి ఫెర్రిమన్, గాల్వే అనే ఇద్దరి పేర్ల మీద ఒక మార్కుల పట్టిక ఉంది. ఆ పట్టిక దాకా వెళ్లే ముందు మన ఊళ్లలో ఆడపిల్ల మొదట వెళ్లేది పార్లర్‌కే. ఇంట్లో చెప్పలేనిది ఆ తెర వెనక దారం పట్టుకున్న మనిషికి తెలిసిపోతుంది. కానీ ఇలా అడిగేవాళ్లు తక్కువ. ఫుల్ ఫేస్ వ్యాక్స్ ప్యాకేజీ అమ్మేవాళ్లే ఎక్కువ.

అడగాల్సిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు, ఆపేసి ఆరు నెలలు కానివాళ్లు వ్యాక్స్ జోలికి వెళ్లకూడదు. చర్మం పట్టీతో ఊడి వస్తుంది. రెటినాల్ క్రీములు పూసే చోటా అంతే. తెల్లబడతామని మందుల షాపులో కొని రాసుకునే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటే ముఖం కాగితమంత పలచబడుతుంది, దాని మీద వ్యాక్స్ పెడితే పచ్చిపుండే. సుగర్ అదుపులో లేనివాళ్లు, రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వెళ్లొద్దు. పుల్ల సంగతి మీరే చూసుకోవాలి. ఒంటికి తాకిన పుల్ల మళ్లీ డబ్బాలోకి వెళ్లిందంటే, ఆ డబ్బాలో మీ ముందు వచ్చిన అందరూ ఉన్నట్టే. ఆ వేడికి క్రిములు చస్తాయని నమ్మకండి.

మగవాళ్లూ ఇప్పుడు తక్కువేం రావడం లేదు. ఈతగాళ్లు, సైకిల్ పోటీలవాళ్లు ముందు నుంచే ఉన్నారు. ఇప్పుడు జిమ్ కుర్రాళ్లు. 2005లో వచ్చిన ఒక హాలీవుడ్ కామెడీలో నటుడు స్టీవ్ కరెల్ ఛాతీకి కెమెరా ముందు నిజంగానే వ్యాక్స్ చేశారు, తెర మీద వినిపించే అరుపులు ఊరికే వచ్చినవి కావు.

ఇక పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి బ్యూటీ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మా వీధి పార్లర్‌లో ఆ వార్తకు ఎవరూ తల ఎత్తలేదు. ఏడాదికి ఇరవై లక్షలు దాటని వ్యాపారానికి ఆ పన్నే లేదు. ఆవిడ దిగులు వేరు. యాప్‌లో బుక్ చేస్తే వాడి పారేసే రోల్-ఆన్ గొట్టాలతో స్కూటీ మీద బ్యూటీషియన్లు ఇంటికే వచ్చేస్తున్నారు. "వాళ్లవీ మా చేతులేగా అక్కా, కమిషన్ పోను వాళ్లకీ ఏం మిగులుద్ది" అంటుంది మళ్లీ తనే.

మొన్న డబ్బులిస్తూ ఉంటే ఆవిడ చేతులు చూశాను. ఎడమ చెయ్యి నున్నగా ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా నల్లని నూగు, మణికట్టు దగ్గర రెండు పాత కాలిన మచ్చలు. అదేంటని అడిగాను.

"ఎడమచేత్తో లాగడం నాకు రాదు అక్కా" అంది, హీటర్ స్విచ్ ఆపుతూ.